క్లోమ క్యాన్సర్‌లో ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్

ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంటే కణాలు తమలోంచి బయటికి వదిలే అతి చిన్న పొర సంచులు. బ్యాక్టీరియా మొదలు మన శరీరంలోని కణాల దాకా దాదాపు అన్ని జీవకణాలూ వీటిని వదులుతాయి. సంచి లోపల ప్రోటీన్లు, కొవ్వులు, ఆర్‌ఎన్‌ఏ, కొన్నిసార్లు డీఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. పైపొర మీద రకరకాల ప్రోటీన్లు గుచ్చుకుని ఉంటాయి. ఒక కణం వదిలిన సంచి పక్క కణాన్ని చేరవచ్చు, రక్తంలో కలిసి దూరాన ఉన్న మరో అవయవాన్నీ చేరవచ్చు. చేరిన చోట ఆ కణం పనితీరును మార్చవచ్చు. క్లోమ క్యాన్సర్‌లో ఈ సంచులు ఏం చేస్తున్నాయో తెలిసే కొద్దీ ఆ జబ్బును చూసే తీరు కూడా మారింది. కణితి ఇంకా క్లోమంలోనే ఉండగా కాలేయం, కొవ్వు కణజాలం, ఇన్సులిన్ తయారుచేసే కణాలు, రక్తం గడ్డకట్టే ప్రక్రియ దాని ప్రభావంలోకి వస్తున్నాయి. ఆ ప్రభావంలో కొంత భాగమైనా వెసికిల్స్ మోసుకుపోతున్నదే.

జబ్బు స్వభావం

క్లోమ క్యాన్సర్లలో దాదాపు 90 శాతం డక్టల్ అడినోకార్సినోమా రకానికి చెందినవి. ప్రపంచ క్యాన్సర్ గణాంకాల ప్రకారం 2022లో సుమారు 5.1 లక్షల మందికి కొత్తగా క్లోమ క్యాన్సర్ వచ్చింది. అదే ఏడాది దాదాపు 4.67 లక్షల మంది దానితో చనిపోయారు. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉండడమే జబ్బు తీవ్రతను చెబుతుంది. అమెరికాలో కూడా రోగనిర్ధారణ తరువాత అయిదేళ్లు బతికేవారు 13 శాతమే. ఆపరేషన్‌తో తీసేయగలిగే దశలో దొరికేవి 15 నుంచి 20 శాతం. సగం మందిలో తొలిసారి స్కాన్ తీసేటప్పటికే జబ్బు వేరే అవయవాలకు పాకి ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువగా పాకేది కాలేయానికి.

అలాగని ఇది రాత్రికి రాత్రి పుట్టే జబ్బు కాదు. క్రిస్టీన్ యకొబుజియో-డోనహ్యూ బృందం 2010లో కణితుల జన్యు మార్పులను బట్టి వయసు లెక్కగట్టింది. తొలి జన్యు మార్పు నుంచి పూర్తి స్థాయి క్యాన్సర్ కణం పుట్టడానికి పదేళ్లకు పైగా, అది పాకే శక్తి సంపాదించడానికి మరో అయిదేళ్లకు పైగా పడుతుందని ఆ అంచనా. ఇన్నేళ్ల వ్యవధి ఉండీ జబ్బును ముందుగా పట్టుకోలేకపోవడం వైద్యంలో మిగిలిపోయిన పెద్ద లోటు. వెసికిల్స్ మీద ఇంత ఆశ పెట్టుకోవడానికి మొదటి కారణం ఇదే.

కణితి నిర్మాణం కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. క్లోమ కణితిలో క్యాన్సర్ కణాల వాటా చాలా తక్కువ. పరిమాణంలో ఎక్కువ భాగం గట్టిపడిన పీచు పదార్థం, దాన్ని తయారుచేసే స్టెల్లేట్ కణాలు, ఫైబ్రోబ్లాస్టులు, రోగనిరోధక కణాలు. రక్తనాళాలు నొక్కుకుపోయి మందు లోపలికి చేరడం కష్టమవుతుంది. ఇలా అల్పసంఖ్యలో ఉన్న క్యాన్సర్ కణాలు చుట్టూ ఉన్న అధికసంఖ్యాక కణాలను తమ పనికి ఎలా తిప్పుకుంటున్నాయన్నది పాత ప్రశ్న. హార్మోన్లు, సైటోకైన్ల వంటి కరిగే అణువులు జవాబులో ఒక భాగం. వెసికిల్స్ మరో భాగం.

వెసికిల్స్ రకాలు, చరిత్ర

పుట్టుకను బట్టి వీటిని ముఖ్యంగా మూడు రకాలుగా చెబుతారు. కణం లోపలి ఎండోజోమ్‌లో చిన్న చిన్న సంచులుగా ఏర్పడి, ఆ ఎండోజోమ్ కణం అంచుకు వచ్చి పైపొరతో కలిసినప్పుడు బయటపడేవి ఎక్సోజోములు. వీటి వ్యాసం సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. కణపు పైపొరే బయటికి ఉబ్బి తెగిపోతే ఏర్పడేవి మైక్రోవెసికిల్స్. ఇవి 100 నుంచి 1000 నానోమీటర్ల వరకు ఉంటాయి. చనిపోతున్న కణం ముక్కలైనప్పుడు మిగిలేవి అపోప్టోటిక్ బాడీలు. ఎక్సోజోములు తయారు కావడానికి ఎస్కార్ట్ అనే ప్రోటీన్ల సముదాయం, సెరమైడ్ అనే కొవ్వు, బయటికి పంపడానికి రాబ్27ఏ, రాబ్27బీ ప్రోటీన్లు తోడ్పడతాయి. సీడీ9, సీడీ63, సీడీ81 అనే ప్రోటీన్లను సాధారణంగా వీటికి గుర్తులుగా వాడతారు.

కాగితం మీద ఈ విభజన చక్కగా ఉంటుంది. రక్తం చుక్కలో మాత్రం పరిమాణాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. బయటికి వచ్చేసిన సంచి ఎక్కడ పుట్టిందో చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు. అందుకే అంతర్జాతీయ ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ సంఘం 2014, 2018, 2023 మార్గదర్శకాల ద్వారా, పుట్టుక రుజువు కానప్పుడు అన్నిటినీ కలిపి వెసికిల్స్ అనే వ్యవహరించమని పరిశోధకులకు సూచిస్తూ వచ్చింది. పాత పరిశోధన పత్రాల్లో ఎక్సోజోమ్ అని కనిపించిన ప్రతిచోటా ఈ సంగతి దృష్టిలో ఉంచుకుని చదవాలి. ఈ వ్యాసంలో కూడా ఆయా ప్రయోగాలు చేసినవారు వాడిన పేరే ఉంచాం.

వీటి జాడ మొదట రక్తం గడ్డకట్టడం గురించిన అధ్యయనాల్లో కనిపించింది. 1946లో ఎర్విన్ చార్గాఫ్, రాండాల్ఫ్ వెస్ట్ ప్లాస్మాను అతివేగంగా తిప్పినప్పుడు అడుక్కు చేరే రేణువులకు గడ్డకట్టించే గుణం ఉందని గమనించారు. 1967లో పీటర్ వుల్ఫ్ వాటిని ప్లేట్‌లెట్ల ధూళిగా వర్ణించాడు. 1983లో సెయింట్ లూయిస్‌లో ఫిలిప్ స్టాల్ బృందం, మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో రోజ్ జాన్‌స్టోన్ బృందం విడివిడిగా ఒకే విషయం కనుక్కున్నాయి: ఎదుగుతున్న ఎర్ర రక్తకణాలు తమకిక అక్కర్లేని ట్రాన్స్‌ఫెర్రిన్ గ్రాహకాలను చిన్న సంచుల్లో పెట్టి బయటికి నెట్టేస్తున్నాయి. దాంతో ఇవి కణం పారేసే చెత్త అన్న అభిప్రాయం చాలాకాలం నిలిచింది. 1996లో గ్రాసా రపోసో బృందం బీ కణాల ఎక్సోజోములు టీ కణాలను ప్రేరేపించగలవని చూపడంతో ఆ అభిప్రాయం సడలింది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో హదీ వలాదీ, యాన్ లోట్వాల్ బృందం ఎలుక కణాల ఎక్సోజోములను మనిషి కణాలకు అందిస్తే ఆ మనిషి కణాల్లో ఎలుక ప్రోటీన్లు తయారైనట్టు చూపింది. సంచిలో వెళ్లిన ఆర్‌ఎన్‌ఏ అవతలి కణంలో పని చేసిందన్నమాట. క్యాన్సర్ పరిశోధకులు పెద్ద సంఖ్యలో ఇటువైపు తిరిగింది ఆ తరువాతే.

కణితి లోపలి సంభాషణ

క్యాన్సర్ కణాల నుంచి వెళ్లే వెసికిల్స్ స్టెల్లేట్ కణాలను మేల్కొలుపుతాయి. మేల్కొన్న స్టెల్లేట్ కణాలు కొలాజెన్‌ను, ఇతర పీచు ప్రోటీన్లను ఎక్కువగా ఉత్పత్తి చేస్తాయి. ఎదురు దిశలో ఫైబ్రోబ్లాస్టులు పంపే వెసికిల్స్ క్యాన్సర్ కణాలకు ఆహారంగానూ ఉపయోగపడతాయి. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఫైబ్రోబ్లాస్టుల ఎక్సోజోములు అమైనో ఆమ్లాలు, కొవ్వులు మోసుకొచ్చి ప్రోస్టేట్, క్లోమ క్యాన్సర్ కణాల జీవక్రియను మార్చినట్టు తేలింది. ప్రాణవాయువు, పోషకాలు కరువైన చోట క్యాన్సర్ ఎలా పెరుగుతుందన్న ప్రశ్నకు ఇది కొంత జవాబు.

మందుకు లొంగకపోవడం గురించిన ఫలితాలు మరింత ఆందోళన కలిగిస్తాయి. క్లోమ క్యాన్సర్‌కు దశాబ్దాలుగా వాడుతున్న కీమో మందు జెమ్‌సైటబిన్. అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో రెజినాల్డ్ హిల్ బృందం 2017లో చూపింది ఏమిటంటే, ఫైబ్రోబ్లాస్టులు ఈ మందుకు సహజంగానే తట్టుకుంటాయి; పైగా మందు తగిలాక ఎక్సోజోములను ఇంకా ఎక్కువగా వదులుతాయి. వాటిని అందుకున్న క్యాన్సర్ కణాల్లో స్నెయిల్ అనే ప్రోటీన్ పెరిగి, అవి చావు తప్పించుకుంటాయి. వెసికిల్స్ విడుదలను తగ్గించే జీడబ్ల్యూ4869 అనే రసాయనాన్ని కలిపినప్పుడు క్యాన్సర్ కణాలు బతికిపోవడం తగ్గింది. రోగికి మేలు చేయాల్సిన మందే కణితి లోపలి సాయాన్ని పెంచుతోందంటే, చికిత్సను క్యాన్సర్ కణం ఒక్కదాని మీదే గురిపెడితే చాలదని అర్థం. 2018లో ఇంకో బృందం మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల నుంచి వెళ్లే ఎంఐఆర్-365 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ కూడా జెమ్‌సైటబిన్ బలాన్ని తగ్గిస్తున్నట్టు కనుగొంది. రాబ్27ఏ, రాబ్27బీ జన్యువులు లేని ఎలుకల్లో అదే మందు మెరుగ్గా పని చేసింది.

క్యాన్సర్ కణాలన్నీ సమానంగా మాట్లాడవు. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో సోనియా మెలో బృందం 2022లో ప్రచురించిన పరిశోధనలో, కణితిలో కొద్దిగా ఉండే క్యాన్సర్ మూలకణాల వెసికిల్సే మిగతా కణాల పెరుగుదలను నడిపిస్తున్నాయని, వాటిలోని అగ్రిన్ అనే ప్రోటీన్ ఇందుకు ముఖ్యమని తేలింది.

రోగనిరోధక వ్యవస్థతో జరిగే వ్యవహారం వేరు. క్యాన్సర్‌ను గుర్తుపట్టిన యాంటీబాడీలు కణం మీద పడకుండా, అవే గుర్తులు మోస్తున్న వెసికిల్స్ వాటిని దారిలోనే పట్టేసుకుంటాయని 2019లో వెలువడిన ఒక అధ్యయనం చెబుతోంది. క్లోమ క్యాన్సర్ వెసికిల్స్ సహజ హంతక కణాల చురుకును తగ్గించడం కూడా ప్రయోగశాలలో కనిపించింది.

కాలేయాన్ని ముందే సిద్ధం చేయడం

1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవారి వివరాలు పరిశీలించి, క్యాన్సర్ కొన్ని అవయవాలనే ఎంచుకుని పాకుతోందని వాదించాడు. విత్తనం ఎంత మంచిదైనా అనువైన నేల కావాలన్నది ఆయన సిద్ధాంతం. విత్తనం చేరకముందే ఎవరో నేల దున్ని పెడుతున్నారన్న సంగతి న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో డేవిడ్ లైడెన్ బృందం చేసిన ప్రయోగాల వల్ల తెలిసింది. ఈ రంగంలో అత్యంత ప్రభావం చూపిన పని ఇదేనని చెప్పవచ్చు.

బ్రూనో కోస్టా-సిల్వా ముఖ్య రచయితగా 2015లో వెలువడిన ఆ పత్రంలో, క్లోమ క్యాన్సర్ ఎక్సోజోములను ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు మూడు వారాల పాటు రోజు విడిచి రోజు ఎక్కించారు. అవి కాలేయంలోని కుఫర్ కణాల్లోకి వెళ్లాయి. కుఫర్ కణాలంటే కాలేయంలో స్థిరపడి ఉండే మాక్రోఫేజ్‌లు. రక్తంలో వచ్చిన రేణువులను మింగడం వాటి నిత్యకృత్యం. ఆ తరువాత జరిగింది ఒక వరస. కుఫర్ కణాలు టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్‌ను ఎక్కువగా వదిలాయి. దాని ప్రభావంతో కాలేయపు స్టెల్లేట్ కణాలు ఫైబ్రోనెక్టిన్ అనే పీచు ప్రోటీన్‌ను తయారుచేశాయి. పేరుకున్న ఫైబ్రోనెక్టిన్ దగ్గరికి ఎముక మజ్జ నుంచి మాక్రోఫేజ్‌లు వచ్చి చేరాయి. తరువాత క్యాన్సర్ కణాలను ఎక్కించినప్పుడు, ఇలా మారిన కాలేయంలో అవి మామూలు కాలేయంలో కంటే ఎక్కువగా పెరిగాయి. ఈ వరసను కదిలించేది ఎక్సోజోముల్లోని ఎంఐఎఫ్ అనే ప్రోటీన్. ఆ ప్రోటీన్‌ను తగ్గించినప్పుడు కాలేయంలో ఈ సన్నాహం సాగలేదు. ఇంకో ముఖ్యమైన పరిశీలన రోగుల్లో జరిగింది. మొదటి దశలో ఉన్న రోగుల రక్తం నుంచి తీసిన ఎక్సోజోములను పోలిస్తే, తరువాత కాలేయానికి జబ్బు పాకినవారిలో ఎంఐఎఫ్ ఎక్కువగా, పాకనివారిలో తక్కువగా ఉంది.

అదే ఏడాది అదే ప్రయోగశాల నుంచి అయుకో హోషినో బృందం మరో ప్రశ్నకు జవాబిచ్చింది: ఏ సంచి ఏ అవయవానికి వెళ్తుంది? సంచి పైపొర మీద ఉండే ఇంటిగ్రిన్ ప్రోటీన్ల జత దాన్ని తేలుస్తోంది. ఆల్ఫా6-బీటా4, ఆల్ఫా6-బీటా1 ఉన్నవి ఊపిరితిత్తులకు, ఆల్ఫావీ-బీటా5 ఉన్నవి కాలేయానికి చేరాయి. ఈ ఇంటిగ్రిన్లను అడ్డుకుంటే సంచులు కణాల్లోకి వెళ్లడం, ఆ అవయవానికి జబ్బు పాకడం రెండూ తగ్గాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. క్లోమం నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికే వెళ్తుంది. కాబట్టి కాలేయానికి జబ్బు పాకడంలో రక్తప్రవాహపు దారి ఎంత, ఇంటిగ్రిన్ ఎంపిక ఎంత అన్నది విడదీయడం తేలిక కాదు. రెండూ కలిసి పనిచేస్తాయనుకోవడమే సబబు. ఎలుకకు ఎక్కించిన మోతాదు, మనిషిలో కణితి రోజూ వదిలే మోతాదు ఒకటేనని కూడా అనుకోకూడదు. ఎక్కించిన వెసికిల్స్‌లో ఎక్కువ భాగం కొద్ది నిమిషాల్లోనే రక్తం నుంచి మాయమవుతాయి. ఈ పరిమితులున్నా, మొదటి దశ రోగుల్లో కనిపించిన ఎంఐఎఫ్ తేడాను కొట్టిపారేయలేం.

లైడెన్ బృందమే 2023లో మరో దెబ్బను గుర్తించింది. కణితుల వెసికిల్స్ మోసుకొచ్చే పామిటిక్ ఆమ్లం వంటి కొవ్వు ఆమ్లాలు కుఫర్ కణాలను రెచ్చగొట్టి, క్యాన్సర్ పాకని కాలేయంలో కూడా కొవ్వు చేరేలా, మందులను విరిచే ఎంజైములు తగ్గేలా చేస్తున్నాయి. కీమో దుష్ప్రభావాలు కొందరిని అంతగా ఎందుకు కుంగదీస్తాయో అర్థం చేసుకోవడానికి ఇది ఒక దారి.

మధుమేహం, బరువు తగ్గడం, రక్తపు గడ్డలు

క్లోమ క్యాన్సర్ రోగుల్లో చాలామందికి జబ్బు బయటపడకముందే చక్కెర పెరుగుతుంది. కణితి చిన్నదిగా ఉండి, క్లోమంలో అత్యధిక భాగం చెడిపోకుండానే ఇలా జరగడం వైద్యులను చాలాకాలం ఆలోచింపజేసింది. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2015లో దీనికొక వివరణ ఇచ్చారు. క్లోమ క్యాన్సర్ ఎక్సోజోముల్లో అడ్రినోమెడ్యులిన్ అనే అణువు ఉంది. అది ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లోకి చేరి ఆ విడుదలను దెబ్బతీస్తోంది. 2016లో అదే బృందం ఇవే ఎక్సోజోములు కొవ్వు కణాల్లో కొవ్వు కరిగేలా చేస్తాయని చూపింది. కొత్తగా చక్కెర జబ్బు రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఈ రోగుల్లో జంటగా కనిపించడానికి వీటిలో కొంత సమాధానం దొరుకుతుంది.

ఇది తెలుగువారు పట్టించుకోవాల్సిన విషయం. మన దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తేల్చింది. అందరికీ క్లోమం స్కాన్ తీయడం కుదిరే పని కాదు, అవసరం కూడా లేదు. అమెరికాలోని మిన్నసోటా రాష్ట్రంలో జరిగిన అధ్యయనంలో 50 ఏళ్లు దాటాక కొత్తగా మధుమేహం వచ్చినవారిలో మూడేళ్ల లోపు క్లోమ క్యాన్సర్ బయటపడింది ఒక శాతం కంటే తక్కువ మందిలో. ఆ కొద్దిమందిని రక్తంలోని వెసికిల్స్ ఆధారంగా మిగతావారి నుంచి వేరు చేయగలిగితే, ఆపరేషన్ సాధ్యమయ్యే దశలో పట్టుకునే వీలు కలుగుతుంది. ఈలోగా, యాభై దాటాక కొత్తగా చక్కెర వచ్చి, తిండి మామూలుగానే ఉన్నా బరువు తగ్గుతుంటే మందుల చీటీతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు ఆ సంగతి గట్టిగా చెప్పడం మంచిది.

రక్తపు గడ్డల సంగతి పాతది. క్యాన్సర్ రోగుల సిరల్లో గడ్డలు కట్టడాన్ని పారిస్ వైద్యుడు అర్మాండ్ ట్రూసో 1865లో వర్ణించాడు. క్లోమ క్యాన్సర్‌లో ఈ ముప్పు చాలా ఎక్కువ. కణితి వదిలే మైక్రోవెసికిల్స్ పైన ఉండే టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టగలదు.

రోగనిర్ధారణ: ఆశ, ఎదురుదెబ్బ

ఇప్పుడు వాడుకలో ఉన్న రక్తపరీక్ష సీఏ 19-9. కామెర్లు, పాంక్రియాటైటిస్ ఉన్నా అది పెరుగుతుంది. లూయిస్ రక్తవర్గ యాంటిజెన్ లేనివారిలో క్యాన్సర్ ఉన్నా పెరగదు. అందుకే చికిత్స ఎలా సాగుతోందో చూడడానికి పనికొచ్చినంతగా ముందస్తు పరీక్షకు పనికిరాదు. వెసికిల్స్ పొర లోపలి సరుకును రక్తంలోని ఎంజైముల నుంచి కాపాడుతుంది కాబట్టి వాటిలోని అణువులు మెరుగైన ఆధారం కావాలి. 2014లో క్లోమ క్యాన్సర్ రోగుల రక్తపు ఎక్సోజోముల్లో కె-రాస్, పీ53 జన్యువుల మార్పులున్న డీఎన్‌ఏ దొరికింది.

2015లో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో రఘు కల్లూరి బృందం ప్రకటించిన ఫలితం సంచలనం కలిగించింది. గ్లిపికాన్-1 అనే ప్రోటీన్ ఉన్న ఎక్సోజోములు తొలి దశలోని క్లోమ క్యాన్సర్‌ను కూడా ఆరోగ్యవంతుల నుంచి, ఇతర క్లోమ వ్యాధుల నుంచి తప్పు లేకుండా వేరు చేస్తాయని ఆ పత్రం చెప్పింది. తరువాత వేరే ప్రయోగశాలలు ప్రయత్నించినప్పుడు అంత స్పష్టమైన తేడా రాలేదు. కొన్నిచోట్ల క్యాన్సర్ లేనివారిలో కూడా గ్లిపికాన్-1 కనిపించింది. వేరుచేసే పద్ధతి, యాంటీబాడీ, నమూనాల ఎంపిక మారితే ఫలితం మారిపోయే దశలో ఈ రంగం ఉందని దీనివల్ల తెలిసింది. రక్తంలో అదే పరిమాణంలో ఉండే లైపోప్రోటీన్లు వెసికిల్స్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గంటల తరబడి లక్ష రెట్ల గురుత్వాకర్షణ బలంతో తిప్పినా అవి పూర్తిగా విడిపోవు. ఆ తరువాత హోషినో బృందం 2020లో 426 మానవ నమూనాల వెసికిల్స్, ఇతర రేణువుల ప్రోటీన్లను పరిశీలించి, ఒక్క ప్రోటీన్ మీద కాక ప్రోటీన్ల సమూహం మీద ఆధారపడాలన్న దారి చూపింది. ఇది తొందరపడని, నమ్మదగిన దారి.

మైక్రో ఆర్‌ఎన్‌ఏల విషయంలోనూ జాగ్రత్త అవసరమే. 2014లో జరిగిన ఒక లెక్కింపులో, ఫలానా మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒక్కో ఎక్సోజోముకు సగటున ఒక్క అణువు కూడా లేదని తేలింది. అంత తక్కువ సరుకుతో అవతలి కణం ప్రవర్తన మారాలంటే ఎన్ని సంచులు చేరాలి? ఎంఐఆర్ పేరుతో వెలువడే ఫలితాలను తూచేటప్పుడు ఈ ప్రశ్న అడగాల్సిందే. పైపొర మీది ప్రోటీన్ల ద్వారా జరిగే ప్రభావాలకు ఈ ఇబ్బంది తక్కువ.

చికిత్సలో వెసికిల్స్

చెడ్డ వెసికిల్స్ విడుదలను ఆపడం మొదట తోచే ఆలోచన. ఎలుకల్లో జీడబ్ల్యూ4869 వంటి రసాయనాలతో కొంత ఫలితం వచ్చింది. కానీ మంచి కణాలు కూడా వెసికిల్స్ మీద ఆధారపడతాయి. కణితి వాటిని మాత్రమే ఎంచి ఆపే మందు ఇంకా వైద్యుల చేతికి రాలేదు.

రెండో ఆలోచన వాటినే మందు మోసే సంచులుగా వాడుకోవడం. క్లోమ కణితుల్లో 90 శాతానికి పైగా కె-రాస్ జన్యువు మారి ఉంటుంది. అందులో జీ12డీ అనే మార్పు అన్నిటికంటే తరచుగా కనిపిస్తుంది. 2021లో అమెరికాలో అనుమతి పొందిన తొలి కె-రాస్ మందు సోటొరాసిబ్ గురి జీ12సీ మార్పు. అది క్లోమ క్యాన్సర్‌లో ఒకటి రెండు శాతానికి మించి ఉండదు. కల్లూరి బృందం 2017లో మామూలు ఫైబ్రోబ్లాస్టుల ఎక్సోజోముల్లో జీ12డీ సందేశాన్ని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏను నింపి ఎలుకలకు ఎక్కించింది. కణితులు తగ్గాయి, ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. కృత్రిమ లైపోజోముల కంటే ఇవి బాగా పనిచేయడానికి రెండు కారణాలు చూపారు. ఎక్సోజోముల మీది సీడీ47 ప్రోటీన్ మాక్రోఫేజ్‌లను తినవద్దని వారిస్తుంది. పైగా కె-రాస్ మారిన కణాలు చుట్టూ ఉన్న ద్రవాన్ని గుటకలు గుటకలుగా లోపలికి లాగుతాయి. ఆ ఆకలే మందు సంచులను కూడా లోపలికి రప్పించింది. మూలకణాల ఎక్సోజోములతో ఇదే మందును జబ్బు పాకిన రోగులకు ఇచ్చే మొదటి దశ పరీక్ష 2021లో ఎండీ ఆండర్సన్‌లో మొదలైంది. మొదటి దశ పరీక్ష చూసేది ప్రధానంగా సురక్షితమైన మోతాదునే. రోగుల ఆయుష్షు పెరుగుతుందా లేదా అన్నది ఇంకా పెద్ద పరీక్షలు తేల్చాలి. ఈలోగా జీ12డీని నేరుగా అడ్డుకునే మాత్రలు కూడా పరీక్షల్లో ముందుకు వస్తున్నాయి కాబట్టి, ఎక్సోజోమ్ మందు ఇకపై వాటితో పోటీపడి కూడా తన విలువ నిరూపించుకోవాలి.